మచ్చ దొరికింది సరే, అది ఎక్కడిది?

పోయిన వారం ఒక కెమెరా సిస్టం కంపెనీ వాళ్ల ప్రజెంటేషన్ విన్నాను. ఉక్కు స్ట్రిప్ (పొడవాటి రేకు) మీద డిఫెక్టుల్ని 99 శాతం సరిగ్గా గుర్తుపడుతుందట. స్లైడ్ల నిండా పచ్చ గళ్లే. ప్రతి మచ్చ చుట్టూ ఒక గడి, పక్కనే దాని పేరు. అంతా అయ్యాక, మెల్టింగ్ షాప్‌లో చాలాకాలం చేసిన ఒక పెద్దాయన లేచి, "ఈ మచ్చ నా స్లాబ్‌లో ఎన్నో మీటరు దగ్గరుందో చెబుతుందా?" అని అడిగాడు (స్ట్రిప్‌గా సాగకముందు ఉండే మందపాటి ఉక్కు దిమ్మే స్లాబ్). ప్రజెంటేషన్ ఇస్తున్న కుర్రాడు కాస్త తడబడి, "అది వేరే మాడ్యూల్ అండీ, ఇంటిగ్రేషన్ టీమ్ చూసుకుంటుంది" అన్నాడు. తర్వాత అందరం టీ తాగడానికి వెళ్లాం.

ఆ పూట నాకు పనికొచ్చిన మాట ఆ ప్రశ్న ఒక్కటే. సర్ఫేస్ క్వాలిటీ పేరుతో మిల్లులు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం మచ్చని గుర్తుపట్టడానికే పోతోంది. ఆ మచ్చ చిరునామాని ఒక దశ నుంచి ఇంకో దశకి పోగొట్టుకోకుండా మోసుకెళ్లే పని మాత్రం "ఇంటిగ్రేషన్" అనే పేరుతో బడ్జెట్ చివరి లైన్లో మిగులుతుంది. ఖర్చు తగ్గించమని పైనుంచి మాట రాగానే మొదట కొట్టేసేది ఆ లైన్నే. ఇది తలకిందుల వ్యవహారం అని నా వాదన.

సాగిపోయే చిరునామా

220 మిల్లీమీటర్ల మందం, 10 మీటర్ల పొడవు ఉన్న స్లాబ్ తీసుకుందాం. హాట్ మిల్లులో (ఎర్రగా కాచి రోల్స్ మధ్య నొక్కే చోట) అది 2.2 మిల్లీమీటర్లకి దిగితే పొడవు 100 రెట్లు పెరుగుతుంది, అంటే కిలోమీటరు స్ట్రిప్. దాన్ని కోల్డ్ మిల్లులో (కాచకుండానే నొక్కే చోట) 0.7 మిల్లీమీటర్లకి తెస్తే మూడు కిలోమీటర్లు దాటుతుంది. వెడల్పు పెద్దగా మారదు కాబట్టి సాగుడంతా ఒకే దిశలో. స్లాబ్‌లో 2 మిల్లీమీటర్లున్న లోపం హాట్ స్ట్రిప్ మీద 20 సెంటీమీటర్ల గీత, కోల్డ్ స్ట్రిప్ మీద 60 సెంటీమీటర్లకి పైగా పొడవైన చార. ఊదని బెలూన్ మీద పెన్నుతో పెట్టిన చుక్కని, బెలూన్ ఊదాక చూసి ఏ పెన్నుతో పెట్టారో చెప్పమన్నట్టు ఉంటుంది.

లెక్క ఇంతే అయితే భాగహారం చేసుకుంటే సరిపోయేది. అసలు చిక్కులు వేరే ఉన్నాయి. ఫినిషింగ్ మిల్లులోకి (హాట్ మిల్లు ఆఖరి భాగం) వెళ్లే ముందు బార్ (సగం పలచబడ్డ స్లాబ్) ముందు కొసని, వెనక కొసని కత్తిరిస్తారు. 30 మిల్లీమీటర్ల మందం దగ్గర అర మీటరు ముక్క పోతే ఆఖరి హాట్ స్ట్రిప్‌లో దాదాపు 7 మీటర్లు లేనట్టే. ఆ ముక్క ఎంతో చాలాచోట్ల సరిగ్గా రికార్డు కాదు. తర్వాత స్ట్రిప్‌ని కాయిల్‌గా చుడతారు. ముందు వచ్చిన కొస కాయిల్ లోపలికి పోతుంది, పిక్లింగ్ లైన్లో (యాసిడ్‌తో పైపొర కడిగే చోట) విప్పేటప్పుడు బయటి కొస ముందు వస్తుంది. అంటే హెడ్ కాస్తా టెయిల్ అయింది. కాయిల్‌ని ఏ వైపు నుంచి విప్పుతున్నారన్నదాన్ని బట్టి పై ముఖం, కింది ముఖం కూడా మారొచ్చు. పిక్లింగ్‌లో కాయిల్‌కి కాయిల్ వెల్డ్ చేస్తారు, చివర మళ్లీ కోస్తారు, ఆ కోత వెల్డ్ దగ్గరే పడాలని రూలేం లేదు. అంచులు కూడా ట్రిమ్ చేస్తారు. ఇన్ని జరిగాక "1,840వ మీటరు, కింది ముఖం, ఎడమ అంచు నుంచి 200 మిల్లీమీటర్లు" అని కెమెరా చెబితే, ఆ చోటు స్లాబ్‌లో ఎక్కడో చెప్పాలంటే ఈ మలుపులన్నీ వెనక్కి తిప్పుకుంటూ పోవాలి. స్లాబ్ దగ్గర 10 సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే కోల్డ్ స్ట్రిప్ దగ్గర 30 మీటర్ల తేడా.

పై ముఖమా, కింది ముఖమా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాదు. వంపు తిరిగే క్యాస్టర్‌లో (కరిగిన ఉక్కుని స్లాబ్‌గా పోసే యంత్రం) ఆర్గాన్ బుడగలు, అల్యూమినా లాంటి మలినాలు పైకి తేలబోతూ వంపు లోపలి వైపు గడ్డకడుతున్న ఉక్కుకి చిక్కుకుంటాయి. అందుకే అక్కడి నుంచి వచ్చే స్లివర్లు (పైపొరలో లేచిన సన్నటి పెచ్చులు), పొక్కులు ఒక ముఖం మీదే ఎక్కువగా ఉంటాయి. చారలు ఒకవైపే ఉన్నాయంటే క్యాస్టర్ మీద అనుమానం రావడం సహజం.

నాకు తెలిసిన ఒక మిల్లులో నెలల తరబడి లెక్కలు తీస్తే స్లివర్లు రెండు ముఖాల మీదా ఇంచుమించు సమానంగా ఉన్నాయి. అయితే క్యాస్టర్ది కాదు అని తేల్చి, హాట్ మిల్లులో గైడ్లు, టేబుల్ రోలర్లు అన్నీ విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. ఒకరోజు వేరే పని మీద స్లాబ్ యార్డుకి వెళ్లిన ఒకమ్మాయికి అక్కడి క్రేన్ ఆపరేటర్ మాటల్లో చెప్పాడట, స్కార్ఫింగ్‌కి (మంటతో స్లాబ్ పైపొర తీసేయడానికి) తిప్పిన స్లాబుల్ని మళ్లీ వెనక్కి తిప్పరని. తిప్పితే టైం వేస్టు. కంప్యూటర్‌కి ఈ సంగతి తెలియదు. స్కార్ఫింగ్ అయిన స్లాబుల్ని విడిగా తీసి ముఖాలు మార్చి చూస్తే స్లివర్లు దాదాపు అన్నీ ఒకే వైపు వచ్చి చేరాయి. కెమెరా తప్పేమీ లేదు. ప్రతి స్లివర్‌నీ అది సరిగ్గానే పట్టింది. మధ్యలో స్లాబ్ తిరగబడిన సంగతే ఎవరూ రాసి పెట్టలేదు.

ఆ 99 శాతం సంగతి

గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ని తక్కువ చెయ్యాలని కాదు. కష్టమైన పనే. హాట్ మిల్లులో స్ట్రిప్ సెకనుకి 15 మీటర్ల వేగంతో బయటికొస్తుంటే అర మిల్లీమీటరు వివరంతో చూడాలంటే కెమెరా సెకనుకి 30 వేల గీతలు చదవాలి. ఒకటింపావు మీటరు వెడల్పున్న కిలోమీటరు స్ట్రిప్‌లో ఒక్క ముఖానికే 500 కోట్ల పిక్సెళ్లు. ఆవిరి, నీటి తుంపరలు, అదిరే పునాది, వీటన్నిటి మధ్య ఆ కెమెరా బతకడమే గొప్ప.

కానీ పరిశోధన పత్రాల్లో కనిపించే ఆ శాతాలు ఎక్కడ కొలిచినవో చూడాలి. ఈ రంగంలో ఎక్కువ మంది వాడిన బొమ్మల సెట్ చైనాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లది. హాట్ రోల్డ్ స్ట్రిప్ మీద ఆరు రకాల లోపాలు, ఒక్కో రకానికి సరిగ్గా 300 బొమ్మలు, మొత్తం 1,800. 200 పిక్సెళ్ల చదరాలు. ప్రతి బొమ్మలోనూ ఏదో ఒక లోపం ఉండే తీరుతుంది. "ఇందులో ఏమీ లేదు" అనే బొమ్మలు ఆ సెట్‌లో లేవు. 2019లో రష్యా ఉక్కు కంపెనీ సెవెర్‌స్టాల్ కాగుల్ అనే డేటా పోటీల సైట్‌లో పెట్టిన పోటీ ఇంతకంటే నయం, లోపం లేని బొమ్మలు కూడా అందులో బోలెడు ఉన్నాయి. అయితే అక్కడ లోపాలకి పేర్లు కూడా ఇవ్వలేదు, 1 నుంచి 4 వరకు నంబర్లే. ఏ బొమ్మ ఏ కాయిల్‌ది, ఎన్నో మీటరుది అన్న ఊసు లేదు. పోటీకి ఆ సమాచారం అక్కర్లేదు మరి. మిల్లుకి అదే కావాలి.

మిల్లులో లోపం ఉన్న చోట్ల కంటే లేని చోట్లే ఎన్నో రెట్లు ఎక్కువ. కెమెరాకి అనుమానం వచ్చిన చోట్లు వెయ్యి ఉన్నాయనీ, అందులో నిజమైన లోపాలు పది అనీ అనుకుందాం. మెషీన్ 95 శాతం సార్లు సరిగ్గానే చెబుతుందనుకున్నా, మిగతా 990లో 50 దాకా ఉత్తుత్తి అలారాలు మోగుతాయి. అంటే ఆరు సార్లు హారన్ కొడితే ఐదు సార్లు అక్కడేమీ ఉండదు. నీటి బొట్టు, నూనె మరక, పలచటి స్కేల్ (వేడి ఉక్కు మీద ఏర్పడే ఆక్సైడ్ పొర) ఇలాంటివే. ఇక ఆపరేటర్ ఏం చేస్తాడు? ఒక లైన్ దగ్గర హారన్ నోటికి గుడ్డ కుక్కి ఉండటం నేనే చూశాను. తీసేస్తే మెయింటెనెన్స్ వాళ్లు కంప్లయింట్ రాస్తారని గుడ్డ కుక్కారు, అంతే. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. షిఫ్ట్ అంతా అబద్ధం చెప్పేవాడి మాట ఎవరు వింటారు?

దీనికి మందు ఇంకా మంచి అల్గారిథమ్ అంటారు. కొంతవరకు నిజమే. కానీ ఉత్తుత్తి అలారాల్ని ఏరిపారేసే ఇంకో దారి చేతిలోనే ఉంది. హాట్ మిల్లు కెమెరా 400వ మీటరు దగ్గర ఏదో ఉందంది. పిక్లింగ్ తర్వాత కెమెరా కూడా అదే చోట ఏదో ఉందంది. రెండూ వేర్వేరు వెలుతుర్లో, వేర్వేరు రోజుల్లో చూసినవి. నీటి బొట్టు రెండు చోట్లా ఒకే మీటరు దగ్గర పడదు కదా. విడివిడిగా నమ్మలేని ఇద్దరు సాక్షులు ఒకే చోటు చూపిస్తే నమ్మొచ్చు. కాకపోతే ఆ రెండు చోట్లూ ఒకటేనని తేల్చాలి, మళ్లీ చిరునామా దగ్గరికే వచ్చాం.

ఎంత ముందు చూస్తే అంత మంచిదా?

"లోపాన్ని పుట్టిన చోటే పట్టాలి" అని క్వాలిటీ పుస్తకాలన్నీ చెబుతాయి. దీంతో నాకు సగం పేచీ ఉంది.

స్లాబ్ క్యాస్టర్ నుంచి వచ్చేటప్పుడు ఎర్రగా ఉంటుంది. దాని సొంత వెలుగు ఎరుపు వైపు ఎక్కువ కాబట్టి నీలం లైటు వేసి, ఫిల్టర్ పెట్టి ఫొటో తీస్తారు. లేదంటే లేజర్ గీత వేసి ఎత్తుపల్లాలు కొలుస్తారు. అయినా పైన స్కేల్ ఉంటుంది, ఆసిలేషన్ గుర్తులు (పోసే అచ్చు ఊగడంతో పడే గీతలు) ఉంటాయి. స్కేల్‌లో పడ్డ పగులుకి, ఉక్కులో పడ్డ పగులుకి తేడా చెప్పడం కష్టం. చల్లార్చి చూడొచ్చు, కానీ చల్లారిన స్లాబ్‌ని మళ్లీ 1,200 డిగ్రీలకి పైగా కాచాలంటే ఇంధనం ఎవడబ్బ సొమ్ము? వేడి మీదే ఫర్నేస్‌లోకి పంపుదామని అందరూ చూసేది అందుకే. పైగా స్లాబ్ మీద కనిపించినవన్నీ స్ట్రిప్ దాకా రావు. ఫర్నేస్‌లో పై పొర స్కేల్‌గా మారి రాలిపోతుంది, దాంతోపాటు లోతులేని లోపాలు కూడా పోతాయి. అసలు ఇబ్బంది పెట్టేవి చర్మం కింద దాక్కున్న బుడగలు, మలినాలు. స్లాబ్ దగ్గర ఏ కెమెరాకీ కనిపించనివి కూడా అవే.

హాట్ మిల్లు తర్వాత చూస్తే? అక్కడా స్కేల్ పొర ఉంటుంది. సిలికాన్ ఎక్కువున్న గ్రేడ్లలో స్కేల్ ఉక్కుని అంటిపెట్టుకుని డీస్కేలింగ్ నీళ్లకి కూడా ఊడదు, ఎర్రటి పట్టీలు మిగులుతాయి. వాటి కింద ఏముందో తెలియదు. పిక్లింగ్‌లో యాసిడ్ ఆ పొరని తీసేశాకే ఉక్కు అసలు ముఖం మొదటిసారి బయటపడుతుంది.

కాబట్టి ఒక్క కెమెరాకే డబ్బుందంటే నేను పిక్లింగ్ లైన్ చివర పెడతాను. మిగిలిన డబ్బుతో వెనక దశలన్నిటిలో పొడవులు, కోతలు, తిరగేతలు రికార్డయ్యేలా చూస్తాను. గాల్వనైజింగ్ (జింక్ పూత వేసే లైన్) చివర పెట్టమనేవాళ్లు ఎక్కువ, కస్టమర్‌కి వెళ్లే సరుకు అదే కాబట్టి. అక్కడ పెడితే ఏ కాయిల్‌ని ఆపాలో తెలుస్తుంది. ఎందుకు చెడిందో తెలియదు, ఎందుకంటే అప్పటికి జింక్ పొర దాన్ని కప్పేసింది, జింక్ కుండ సొంత మచ్చలు కూడా వచ్చి కలిశాయి.

ఇక్కడ నాకు నేనే ఒక అడ్డు చెప్పుకోవాలి. పిక్లింగ్ దగ్గర చూడటమంటే ఆలస్యంగా చూడటమే. హాట్ కాయిల్ చల్లారడానికే రెండు మూడు రోజులు యార్డులో పడుంటుంది. ఒక హీట్‌కి (ఒక విడత కరిగించిన ఉక్కు) 40 నిమిషాలనుకుంటే మూడు రోజుల్లో క్యాస్టర్ వందకి పైగా హీట్లు పోసేసి ఉంటుంది. ఈలోగా మోల్డ్ (ఉక్కు గడ్డకట్టే అచ్చు) మారిపోయి ఉండొచ్చు, నాజిల్ (అందులోకి ఉక్కు పోసే గొట్టం) మారిపోయి ఉండొచ్చు. హాట్ మిల్లు తన చేత్తో చేసే లోపాలకైతే ఈ ఆలస్యం అస్సలు పనికిరాదు. రోల్ మీద చిన్న గాటు పడితే ప్రతి కాయిల్ మీదా అచ్చు పడుతూనే ఉంటుంది, మూడు రోజుల తర్వాత తెలిస్తే యార్డు నిండా అదే సరుకు. అందుకే రెండో కెమెరాకి డబ్బు దొరికితే హాట్ మిల్లు దగ్గర పెట్టాల్సిందే, వాదన లేదు.

రోల్ మార్క్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, చిరునామాతో ఎంత పని జరుగుతుందో దీంట్లోనే తెలుస్తుంది. 700 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రోల్ ఒక చుట్టు తిరిగితే 2.2 మీటర్లు. ఆఖరి స్టాండులో (స్ట్రిప్‌ని నొక్కే రోల్స్ ఉండే చట్రం) రోల్ చెడితే మచ్చ సుమారు 2.2 మీటర్లకి ఒకటి పడుతుంది. దాని ముందు స్టాండులో చెడితే, ఆఖరి స్టాండు 20 శాతం మందం తగ్గిస్తుందనుకుంటే, మచ్చల మధ్య దూరం సాగి 2.75 మీటర్లు అవుతుంది. మచ్చని చూడక్కర్లేదు, దాని పేరు తెలియక్కర్లేదు. రెండు మచ్చల మధ్య టేపు పెట్టి కొలిస్తే ఏ స్టాండు రోల్ తియ్యాలో తెలిసిపోతుంది. కెమెరాలు రాకముందు నుంచీ మిల్లుల్లో ఇలాగే కనిపెట్టేవాళ్లు.

మీదా, మాదా

ఒకే చారని చూసి మెల్టింగ్ షాప్ "రోల్డ్-ఇన్ స్కేల్ (రోలింగ్‌లో ఉక్కులోకి దిగిన స్కేల్), మిల్లుది" అంటుంది. హాట్ మిల్లు "స్లివర్, క్యాస్టర్ది" అంటుంది. నేను కూర్చున్న మార్నింగ్ మీటింగుల్లో ఎక్కువ టైం తిన్న టాపిక్ ఇదే. తేల్చడానికి శాంపిల్ కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి, చార అడుగున ఏ మూలకాలున్నాయో చూస్తారు. ఉత్త ఇనుము, ఆక్సిజన్ ఉంటే స్కేల్. సోడియం, పొటాషియం కనిపిస్తే మోల్డ్ పౌడర్ (మోల్డ్‌లో ఉక్కు మీద చల్లే పొడి) లోపలికి లాగబడిందన్నమాట, ఎందుకంటే వేరే ఎక్కడి నుంచీ అవి అంతగా రావు. అల్యూమినా ఒక్కటే ఉంటే నాజిల్ దగ్గరో టండిష్‌లోనో (మోల్డ్ పైన ఉండే ఉక్కు తొట్టి) వెతకాలి.

ల్యాబ్ రిపోర్టు ఏ షాపుదో చెబుతుంది కానీ ఎప్పటిదో చెప్పదు. సోడియం దొరికిందనగానే క్యాస్టర్ వాళ్లు "సరే, మాదే, ఏం చెయ్యమంటారు?" అంటారు. న్యాయమైన ప్రశ్న. ఆ చార స్లాబ్‌లో 6.3 మీటర్ల దగ్గరుందని చెప్పగలిగితే, నిమిషానికి 1.2 మీటర్ల క్యాస్టింగ్ వేగంతో ఆ చోటు మోల్డ్‌లో ఏ నిమిషంలో ఉందో లెక్క తీసి, ఆ నిమిషంలో మోల్డ్ లెవెల్ ఎగిరిందా, ల్యాడిల్ (కరిగిన ఉక్కు తెచ్చే పెద్ద పాత్ర) మారుతోందా అని చూడొచ్చు. అప్పుడు తగువు తగ్గి పని మొదలవుతుంది.

మోల్డ్ డేటా ఎలాగూ ఉంది కదా, దాన్నిబట్టే ఏ స్లాబ్ చెడ్డదో ముందే చెప్పెయ్యొచ్చు, ఈ వెనక్కి నడక ఎందుకు అని కొందరంటారు. బలమైన వాదనే, చాలా మిల్లుల్లో చేస్తున్నారు కూడా. లెవెల్ ఇన్ని మిల్లీమీటర్లు దాటి ఊగితే స్లాబ్‌ని హోల్డ్‌లో పెట్టు అని రూల్. ఒకచోట ఆ రూల్ పెట్టాక స్కార్ఫింగ్ యార్డు స్లాబులతో నిండిపోయింది. స్కార్ఫ్ చేసి చూస్తే చాలావాటిలో ఏమీ లేదు. ఆర్డర్లు ఆలస్యమవుతుంటే ఎవరో హద్దుని కాస్త పెంచారు, తర్వాత ఇంకాస్త పెంచారు, చివరికి ఏ స్లాబూ ఆగని చోటికి చేరింది. మొదట పెట్టిన హద్దుకి ఆధారం లేదు, పెంచిన హద్దుకీ లేదు. ఎంత ఊగితే ఎన్ని మీటర్ల తర్వాత స్ట్రిప్ మీద చార వస్తోందో కొలిచిన లెక్క ఉంటే కదా హద్దు ఎక్కడ పెట్టాలో తెలిసేది. ముందే చెప్పాలన్నా మొదట వెనక్కి నడిచి రావాలి.

డబ్బు సంగతికొస్తే, చిన్న మిల్లులకి ఇదంతా తలకి మించిన భారమన్న మాటలో నిజం ఉంది. స్లాబ్ బయట కొనుక్కుని రోల్ చేసేవాళ్లకైతే క్యాస్టర్ డేటా చేతికే రాదు. వాళ్లకి నేను చెప్పగలిగింది తక్కువ. తమ గోడల మధ్యైనా హెడ్, టెయిల్, పై ముఖం, కింది ముఖం తప్పకుండా రాసుకుంటే, స్లాబ్ అమ్మినవాడితో మాట్లాడేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

కస్టమర్‌కి ఎంత చూపించాలి?

కొన్ని మిల్లులు కాయిల్‌తో పాటు డిఫెక్ట్ మ్యాప్ కూడా పంపిస్తున్నాయి. ఏ మీటరు నుంచి ఏ మీటరు దాకా అనుమానం ఉందో అందులో ఉంటుంది. కార్ల బయటి ప్యానెళ్లు కొట్టే వాళ్లు ఆ ముక్కని ప్రెస్‌లోకి పోనివ్వకుండా పక్కన పెట్టుకోవచ్చు. సేల్స్ వాళ్లకి ఇది అసలు నచ్చదు. మన తప్పుల జాబితా మనమే రాసిచ్చి క్లెయిమ్ వేసుకోమన్నట్టు ఉంటుందని వాళ్ల బాధ. మొదట్లో క్లెయిములు పెరగొచ్చు కూడా, ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ మ్యాప్ లేకుండా వచ్చే క్లెయిమ్ కాయిల్ మొత్తానికి వస్తుంది, మ్యాప్ ఉంటే ముప్పై మీటర్ల దగ్గర బేరం ఆగుతుంది. పైగా ప్రెస్ షాప్‌లో ఏ ప్యానెల్ ఎక్కడ చెడిందో వాళ్లు తిరిగి చెబితే, మన కెమెరా చెప్పినవాటిలో ఎన్ని నిజంగా ఇబ్బంది పెట్టాయో తెలుస్తుంది. ఆ సమాచారం మిల్లు లోపల ఎన్ని కెమెరాలు పెట్టినా దొరకదు. వాళ్ల షీట్ నంబర్ని మన మీటరుతో కలపాలంటే వాళ్ల బ్లాంకింగ్ లైన్లో (షీట్లుగా కోసే చోట) కాయిల్‌ని ఎటునుంచి విప్పుతున్నారో ముందు అడగాలి. ఇప్పటిదాకా నేను చూసిన ఏ మ్యాప్‌లోనూ ఆ గడి లేదు.